దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మా వెనక పడ్డ ఎర్ర హెల్మెట్

మా తమ్ముడు శ్రీశైలం చౌటుప్పల్‌లో ఇల్లు కట్టాడు. వాడికి ఒక్కగానొక్క అక్కను నేను. మా వైపు గృహప్రవేశం రోజున కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచే. అందుకు కొత్త ఇత్తడి గిన్నె కూడా ఆమే తీసుకెళ్ళాలి. పదకొండు లోపు పాలు పొంగాలని పంతులు చెప్పాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి నుంచి చౌటుప్పల్ యాభై కిలోమీటర్ల లోపే. విజయవాడ హైవే, దారి తప్పే ప్రసక్తే లేదు. ఎనిమిదింటికి బయలుదేరితే తొమ్మిదిన్నరకల్లా అక్కడుండొచ్చు. ఇదే దారిలో బండి మీద వెళ్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హైవే గురించి పెద్దగా చెప్పను. నాకు జరిగిందంతా హైవే ఎక్కక ముందే, ఆ నాలుగైదు కిలోమీటర్ల ఊరి రోడ్డు మీదే జరిగింది.

ముందు రోజు రాత్రి అన్నాలప్పుడే మా ఆయన యాదగిరికీ నాకూ పేచీ మొదలైంది. "మెట్రోల ఎల్బీనగర్ పోయి, ఆడ బస్సెక్కుదం. మెట్రోకు మనిషికి ముప్పై రూపాయలు గూడ కాదు. బస్సుల ఆడోళ్ళకు టికెట్టే లేదు, ఆధార్ కార్డు సూపెడితే అయిపాయె" అన్నాను. ఆయనకు ఆ మాటే నచ్చలేదు. "కొత్త బండి ఇంట్ల వెట్టుకొని బస్సుల పోతమా? మీ తమ్ముడు ఏమనుకుంటడు?" అన్నాడు. "ఏమనుకుంటడు, అక్కొచ్చింది అనుకుంటడు" అన్నాను. నిజానికి ఆ బండిని మా తమ్ముడికి చూపించాలని ఆయన మనసు పీకుతోంది. కొని రెండు వారాలే అయింది. పొద్దున లేవగానే టీ తాగకముందు దాన్ని తుడుస్తాడు. నన్ను కూడా ఏనాడూ అంత ప్రేమగా చూసింది లేదు. సరే, మొగుడి సంబరం కాదనలేకపోయాను.

ఆ బండి గురించి రెండు మాటలు చెప్పాలి. షోరూంలో సీటుకు తొడిగిన ప్లాస్టిక్ కవర్ ఇంకా అలాగే ఉంది. మన వాళ్ళ సంగతి తెలుసు కదా, కొత్త వస్తువు కవర్ తీస్తే ప్రాణం పోయినట్టు ఉంటుంది. టీవీ రిమోట్‌కు ఉంటుంది, ఫ్రిజ్ తలుపుకు ఉంటుంది, బండి సీటుకు ఎందుకుండదు! రెండోది, వెనక చక్రం పక్కన చీర పడకుండా బిగించే ఇనుప జాలీ. దాన్ని ఈయన మూడో రోజే విప్పించి అటక మీద పడేశాడు. ఎందుకయ్యా అంటే, "గది ఉంటే పాలోళ్ళ బండి లెక్క కనవడ్తుంది" అన్నాడు. నాకు అప్పుడే ఒళ్ళు మండింది కానీ, బండి ఆయనది, నేను ఎప్పుడో ఒకసారి ఎక్కేదాన్ని, నాకెందుకులే అని ఊరుకున్నాను.

పొద్దున ఎనిమిది దాటాక బయలుదేరాం. నేను పట్టుచీర కట్టాను, మెడలో పుస్తెలతాడు, నల్లపూసలు, తలలో రెండు మూరల మల్లెపూలు. హెల్మెట్ పెడితే పూలు నలిగిపోతాయని దాన్ని హ్యాండిల్‌కు తగిలించమన్నాను. "చౌరస్తాల పోలీసులుంటరు" అన్నాడు ఆయన. "కనవడ్డంక వెట్టుకుంట, నడువు" అన్నాను. మా ఊళ్ళో హెల్మెట్ అంటే తల కోసం కాదు, పోలీసుల కోసం. పక్కకు తిరిగి కూర్చున్నాను. కుడి చెయ్యి ఆయన భుజం మీద. ఒళ్ళో గిన్నె, దాన్ని ఎడమ చేత్తో పొట్టకు అదిమిపట్టుకున్నాను. కొంగును చుట్టూ తిప్పి గిన్నె కింద నొక్కిపెట్టాను. ఇక వెనక కడ్డీ పట్టుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు.

సందు దాటి మెయిన్ రోడ్డెక్కగానే తెలిసింది నా పరిస్థితి. ప్లాస్టిక్ మీద పట్టుచీర అంటే సబ్బు మీద సబ్బే. బ్రేకు వేస్తే జారి ఆయన వీపుకు కొట్టుకుంటున్నాను. యాక్సిలరేటర్ ఇస్తే వెనక్కి జారుతున్నాను. "జర మెల్లగ పోనియ్యి, జారుతున్న" అన్నాను. "గట్టిగ పట్టుకో" అన్నాడు. దేన్ని పట్టుకోవాలో చెప్పలేదు. ఆ క్షణం నుంచి నాకున్నది ఒక్కటే భయం, ఎక్కడో ఒక చోట ఈ బండి మీద నుంచి జారి రోడ్డు మీద పడతాను, వెనక వచ్చే బస్సు ఆగదు.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర కాలేజీల టైము. ఈ రోడ్డు మీద బండి తీయాలనుకునేవాళ్ళు ఎనిమిదికి ముందైనా వెళ్ళాలి, పదిన్నర తర్వాతైనా వెళ్ళాలి. కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు రోడ్డు మీద నదిలా దాటుతుంటారు. షేర్ ఆటోలు ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతాయి. బస్సులు ఆగాల్సిన చోట తప్ప అన్ని చోట్లా ఆగుతాయి. అక్కడ మా ఆయన ఒక ఆటోకూ ఒక బండికీ మధ్యలో దూరబోయాడు. మా హ్యాండిల్ పక్క బండి అద్దానికి తగిలి, ఆ అద్దం పటుక్కున పగిలింది. ఆ బండి మీదున్నతనికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎర్ర హెల్మెట్, వీపుకు లంచ్ బ్యాగు. తప్పు మాదే. కానీ రోడ్డు మీద తప్పు ఎవరిదో తేల్చేది గొంతే కదా.

"కండ్లు నెత్తికెక్కినయా?" అని మా ఆయన ముందే అందుకున్నాడు.

"అన్నా, నువ్వే గద అడ్డం జొచ్చినవ్! అద్దం పలగ్గొట్టి మళ్ళ నన్నంటవేంది?"

"కొత్త బండికి గీత వడ్డది, కనవడ్తలేదా?" అని ఈయన. నేనేమైనా తక్కువ తిన్నానా? అమ్మాయిల హాస్టల్ నడుపుతాను, పొద్దున లేస్తే అరవడమే నా పని. నేనూ ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయలేను. అతని తల్లి పెంపకం దాకా వెళ్ళింది. అతను హెల్మెట్ అద్దం పైకెత్తి నా వైపు ఒక చూపు చూశాడు. ఇంతలో పచ్చ లైటు పడింది, వెనక హారన్లు మోగాయి, మా ఆయన బండి ముందుకు ఉరికించాడు.

చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద వెనక్కి తిరిగి చూశాను. ఎర్ర హెల్మెట్ మా వెనకే వస్తోంది. మొదట్లో, అతని దారీ ఇదేనేమో అనుకున్నాను. తరువాత హారన్ మొదలైంది. ఆగి ఆగి కొట్టే హారన్ కాదు, నొక్కిపట్టి వదలని హారన్. మధ్యమధ్యలో చెయ్యి ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కానీ ఆటోల మోతలో ఒక్క ముక్క వినబడలేదు.

"వాడు మన ఎనకనే వస్తుండు" అన్నాను ఆయన చెవిలో.

"సూస్తున్న. కొట్లాటకే వస్తుండు. ఆగితే తన్నులాటే."

"ఆగకు. జర స్పీడ్ పెంచు."

ఆ మాట అన్నది నేనే. జారిపోతున్నానని ఇంతకుముందు మెల్లగా పొమ్మన్నదాన్ని, ఇప్పుడు స్పీడ్ పెంచమన్నాను. కొత్తపేట సిగ్నల్ ఎర్రబడబోతుంటే మా ఆయన దూసుకెళ్ళాడు. ఎర్ర హెల్మెట్ ఒక బస్సు వెనక ఇరుక్కున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. రైతు బజారు దాటాం. రోడ్డు కాస్త ఖాళీ దొరికింది. గాలి ఎక్కువైంది. చీర ఎగురుతున్నట్టు అనిపించింది కానీ గిన్నె వదిలి సర్దుకునే ధైర్యం లేదు. కొంగు గిన్నె కిందే ఉందనుకున్నాను. ఒళ్ళో అంత పెద్ద గిన్నె ఉంటే దాని కింద ఏముందో ఎక్కడ కనబడుతుంది?

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వచ్చేసరికి మళ్ళీ ఆ హారన్. ఈసారి చాలా దగ్గర. మా ఆయన ఎడమకు కోసి ఒక షేర్ ఆటోను దాటాడు, వెంటనే కుడికి కోశాడు. నేను సీటు చివరికి జారాను. భుజం మీద వేళ్ళు గుచ్చి పట్టుకున్నాను. "వద్దయ్యా, వడ్తా!" అని అరిచాను. ఆయన వినలేదు. అద్దంలో వెనకాల మనిషినే చూస్తూ నడుపుతున్నాడు, ముందున్న రోడ్డును కాదు. అతను మా పక్కకు వచ్చేశాడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీసి నా వైపు చాచాడు.

నాకు అప్పుడు ఒక్కటే తోచింది. గొలుసు దొంగ. పొద్దున పూట, పట్టుచీర, మెడలో బంగారం, పక్కకు తిరిగి కూర్చున్న ఆడమనిషి. ఇలాంటివి రోజూ వింటూనే ఉంటాం. ఆయన భుజం మీద చెయ్యి తీసి పుస్తెలతాడు పట్టుకున్నాను. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో తాడు. ఇక బండిని పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు. "దొంగ! దొంగ!" అని కేకలు పెట్టాను. మా ఆయన ఇంకా స్పీడ్ పెంచాడు.

ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ముందు, మెట్రో పిల్లర్ల పక్కన కొబ్బరి బొండాల బండి ఉంటుంది. సరిగ్గా అక్కడ ఎర్ర హెల్మెట్ మమ్మల్ని దాటేసి, మా ముందుకు అడ్డంగా వచ్చి బ్రేకు వేశాడు. మా ఆయన బూతు తిడుతూ బ్రేకు తొక్కాడు. బండి నడకంత మెల్లబడింది. అప్పుడు నా భుజాన్ని ఎవరో వెనక నుంచి గుంజినట్టు అయింది.

ఎవరూ గుంజలేదు. నా చీరే గుంజింది. రవికకు కొంగు కదలకుండా పెద్ద పిన్నీసు పెట్టుకున్నాను. అది ఊడలేదు. కొంగు మెడకు అడ్డంగా బిగిసింది, నన్ను వెనక్కి, కిందికి లాగింది. గిన్నె ఎగిరి రోడ్డు మీద పడింది, ఆ చప్పుడు విన్నాను. గొంతులోంచి మాట రాలేదు. ఊపిరి కూడా రాలేదు. బండి ఆగింది. నేను సగం సీటు మీద, సగం చక్రం మీద వాలిపోయి ఉన్నాను, మొహం మెట్రో లైను వైపు. పైన రైలు పోతోంది. చచ్చిపోతున్నాను అనుకున్నాను. భయం కూడా కాదు, ఇంత అన్యాయంగానా అని ఏడుపొచ్చింది.

మా ఆయనకు ఇదేమీ తెలియదు. ఆయన బండి దిగబోతూ ఎదుటి మనిషి మీదకు చెయ్యెత్తాడు. అతను ఆ చేతిని లెక్కచేయలేదు. పరుగెత్తుకొచ్చి మా బండి తాళం తిప్పి ఆపేశాడు.

"బండి కదిలియ్యకన్నా! ముంగటికి గుంజకు! ఎనక సూడు, ఎనక సూడు! అక్క కొంగు చక్రంల వడ్డది!"

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు. ఎర్ర హెల్మెట్ నా తల కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తిపట్టాడు. బొండాల బండి దగ్గరున్నావిడ బొండాలు కొట్టే కత్తి పట్టుకుని వచ్చింది. ఆవిడ మాట కోస్తా వైపు మాట.

"కదలకండమ్మా, అలాగే ఉండండి. మెడ కొంచెం అటు తిప్పండి. బాబూ, నువ్వు గుడ్డ ఎత్తిపట్టుకో, ఇక్కడ కోసేస్తాను. పట్టుచీరని చూడకండి తల్లీ, పోతే పోయింది."

రెండు కోతల్లో కొంగు తెగింది. గొంతులోకి గాలి వచ్చింది. దగ్గు, ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి. ఆవిడ నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక బొండం కొట్టి చేతికిచ్చింది. "మెల్లగా తాగండి, గుటక పడుతోందా?" అని అడిగింది. పడింది. ఆ నీళ్ళు గొంతు దిగుతుంటే బతికున్నానని తెలిసింది. అటుపక్క మా ఆయనా ఎర్ర హెల్మెట్ ఆయనా చక్రం పక్కన కూర్చుని చీర ముక్కలు లాగుతున్నారు. చైనుకూ చక్రానికీ మధ్య పట్టు గుడ్డ తాడులా చుట్టుకుపోయి ఉంది. అది పూర్తి స్పీడులో ఉన్నప్పుడు బిగిసుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను అడ్డం వచ్చి ఆపాడు కాబట్టి నడక వేగంలో బిగిసింది. అంతే తేడా.

"చైతన్యపురి కాడి సంది ఒర్రుతున్న అన్నా" అన్నాడు అతను, నల్లబడిన చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. "కొంగు జారి చక్రం పక్కపొంటి ఎగురుతుంది. కొంగు కొంగు అని మొత్తుకున్న. మీరేమో ఇంక ఉరికిస్తున్నరు. చేత్తోటి సూపెట్టిన, అక్క దొంగ దొంగ అంటుండె."

మా ఆయన తల ఎత్తలేదు. చీర ముక్క లాగుతూనే అడిగాడు. "అద్దం పలగ్గొట్టిన. అనరాని మాటలన్న. మళ్ళ గింత దూరం ఎందుకొచ్చినవ్ తమ్మీ?"

అతను ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు.

"అన్నరు. ఇద్దరూ అన్నరు. అయితే ఏంది, సావనియ్యాల్నా?"

మా ఆయన అక్కడే, రోడ్డు పక్కన, చక్రం ముందు కూర్చుని ఏడ్చాడు. నేను ఆయన్ని ఓదార్చలేదు. నాకూ కోపం ఉంది, నా మీదా ఉంది. అతను మా ఇద్దరినీ చూసి ఇబ్బంది పడ్డాడు. "డ్యూటీకి లేటైతుంది. ఆ జాలీ పెట్టియ్యి అన్నా, అక్కను దవాఖానల సూపెట్టు" అని చెప్పి, పగిలిన అద్దంతోనే వెళ్ళిపోయాడు. పేరు అడగడం కూడా తోచలేదు.

తరువాతి ప్రయాణం చెప్పాలంటే, నేను బండి ఎక్కనన్నాను. ఆయన బతిమాలలేదు. సీటు మీది ప్లాస్టిక్‌ను గోళ్ళతో చించి పారేశాడు. ఎల్బీనగర్ చౌరస్తా అవతల విజయవాడ వైపు బస్సులు ఆగుతాయి. నల్గొండ బస్సైనా సూర్యాపేట బస్సైనా, ఎక్కేముందు చౌటుప్పల్‌లో ఆపుతారా అని కండక్టర్‌ను అడగాలి. ఎక్స్‌ప్రెస్ వచ్చింది, కార్డు చూపించాను, సున్నా టికెట్ ఇచ్చారు. చివరి సీటులో కిటికీ దగ్గర కూర్చున్నాను. హయత్‌నగర్ దాటాక చూస్తే, మా ఆయన మా బస్సు వెనకే వస్తున్నాడు. ఒక్క బండిని కూడా ఓవర్‌టేక్ చేయలేదు. వెనకాల ఎవరైనా హారన్ కొడితే ఎడమకు జరిగి దారిస్తున్నాడు.

గృహప్రవేశానికి కొంచెం ఆలస్యమైంది కానీ మా తమ్ముడు పొయ్యి వెలిగించకుండా నా కోసం ఆపాడు. సొట్టపోయిన గిన్నెలోనే పాలు పొంగించాను. "వదినా, కొంగేమైంది?" అని మా మరదలు అడిగింది. అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను, నేను తిట్టిన తిట్టుతో సహా. సాయంత్రం దవాఖానకు వెళితే, మెడ మీద వాపు తప్ప ఏమీ లేదని, వారం పది రోజులు బరువులు ఎత్తొద్దని చెప్పారు. ఇంటికి కూడా బస్సులోనే వచ్చాను.

ఆ రోజు నుంచి నన్ను తొలిచే విషయం ఒకటుంది. ఆ రోడ్డు మీద నన్ను చంపబోయింది నా చీర, నా మొగుడి షోకు, నా తలలో పూలు. నా చావును ఆపాలని చూసినవాడు ఒక్కడే. నేను దొంగ అని కేకలు పెట్టింది వాణ్ణే. మన రోడ్ల మీద ఒకరినొకరు తిట్టుకోవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా మన వైపు గట్టిగా అరిస్తే అది తిట్టే అనుకుంటున్నాం. అతను కూడా అలాగే అనుకుని, తిట్టినవాళ్ళు ఎట్లా పోతే నాకేంటి అని సిగ్నల్ దగ్గర పక్కకు తిరిగి ఉంటే, ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

కాబట్టి ఈ దారిలో బండి మీద వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక్క మాట. చీరలో వెనక కూర్చునేవాళ్ళు కొంగు నడుముకు దోపుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి, జాలీ విప్పకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే, నాకూ తెలుసు. తెలిసీ చేయలేదు. నేను చెప్పేది వేరు. వెనక ఎవరైనా అదేపనిగా హారన్ కొడుతూ వస్తుంటే స్పీడ్ పెంచకండి. భయమేస్తే నలుగురున్న చోటు, ఒక దుకాణం ముందు చూసుకుని, ఎడమకు తీసి ఆపండి. ఆపాక ముందు వాడి మొహం చూడకండి, మీ చక్రం చూడండి. చక్రంలో ఏమీ లేకపోతే అప్పుడు తీరిగ్గా కొట్లాడుకోవచ్చు.